గురివింద విషం నుంచి రక్తపు కొలమానం వరకు: పాల్ ఎర్లిక్ జీవితం

జగర్గుండా (ఛత్తీస్‌గఢ్), మార్చి 14: సుక్మా జిల్లా కోంటా బ్లాకులోని జగర్గుండా పేరు బయటి ప్రపంచానికి చాలాకాలంగా సాయుధ సంఘర్షణ వార్తల ద్వారానే తెలుసు. ఆ వార్తల్లో చోటు దొరకనివి అక్కడి అడవిలో ఎన్నో ఉన్నాయి. వాటిలో గురివింద తీగ ఒకటి. చలికాలం వెళ్లి ఎండ ముదిరే వేళకు దక్షిణ బస్తర్ పొదల మీద దాని కాయలు పగిలి, నల్లచుక్క గల ఎర్రని గింజలు బయటపడతాయి. కంసాలి త్రాసులో సుమారు 120 మిల్లీగ్రాములు తూగే రత్తి అనే కొలతకు మూలం ఆ గింజే. తన నలుపు తానెరగదని సామెతలో మనం ఎద్దేవా చేసేదీ దానినే. ఆ ఎరుపు మాటున ఉన్న విషాన్ని మాత్రం సామెత పట్టించుకోలేదు. పైపొర చెదరకుండా మింగితే గింజ చాలావరకు హాని చేయకుండానే బయటకు పోతుంది. నూరితే ప్రాణాంతకం. నూరిన ముద్దను సూదులుగా చేసి, ఎండబెట్టి, తోలు కోసం పరుల పశువుల ఒంట్లో గుచ్చి చంపే దురాచారం బ్రిటిష్ కాలపు రికార్డులలో నమోదై ఉంది. ఆ విషానికి కారణం సూక్ష్మజీవి కాదనీ, గింజలోనే ఉన్న పదార్థమనీ 1884లో కలకత్తాలో వార్డెన్, వాడెల్ అనే ఇద్దరు వైద్యులు నిరూపించారు.

ఏడేళ్ల తరువాత అదే గింజ విషాన్ని బెర్లిన్‌లో ఒక వైద్యుడు చిట్టెలుకల మీద ప్రయోగించారు. ఆయన వెదుకుతున్నది విషానికి విరుగుడు మాత్రమే కాదు. ఒకే మోతాదుకు ఒక జంతువు చచ్చి, మరొకటి ఎందుకు బతుకుతుంది? ఆ తేడాను ముందుగానే, జంతువును చంపకుండా, దాని రక్తంలో చూడవచ్చునా? ఆ వైద్యుడే పాల్ ఎర్లిక్. 1854లో ఇదే మార్చి 14న ఆయన జన్మించారు.

గొర్రెలు, మేకలు పెంచేవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తొలకరి తరువాత లేతపచ్చిక మేసిన మందలో, సాయంత్రం వరకు గంతులేసిన జీవం తెల్లవారేసరికి కాళ్లు బారజాపి పడి ఉంటుంది. తెలుగునాట దీనిని చిటుక రోగం అంటారు. చిటిక వేసినంతలో ప్రాణం పోతుందన్న భావం ఆ పేరులో ఉంది. పేగులలో ఉండే ఒక బాక్టీరియా మితిమీరి పెరిగి విడిచే విషమే దీనికి కారణం. ఒకే మంద, ఒకే మేత, ఒకే రాత్రి. అయినా కొన్ని పోతాయి, కొన్ని మిగులుతాయి. పోయేవి తరచూ బలంగా, పుష్టిగా ఉన్నవే కావడం కాపరిని మరింత కుంగదీస్తుంది. పైచూపుతో బలాన్ని అంచనా కట్టవచ్చు గాని, విషాన్ని తట్టుకునే శక్తిని అంచనా కట్టలేము.

ఎర్లిక్ పుట్టిన ఊరు ష్ట్రేలెన్. అప్పట్లో ప్రష్యా రాజ్యంలోని సైలీషియా ప్రాంతానిది. నేడు పోలండ్‌లో ఉంది. తండ్రి ఇస్మార్ సత్రం నడిపేవారు, మద్యపానీయాల వ్యాపారం చేసేవారు. యూదు కుటుంబం. తల్లి రోజా వైపు బంధువైన కార్ల్ వైగర్ట్, వయసులో కొద్దిగా పెద్దవాడు, కణజాలాన్ని కృత్రిమ రంగులతో అద్ది సూక్ష్మదర్శిని కింద పరిశీలించే విద్యలో ఆద్యులలో ఒకరు. ఆ రంగుల పిచ్చి ఎర్లిక్‌కు ఆయన నుంచే అంటుకుంది. బ్రెస్లావ్, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో వైద్యం చదివారు. తోటి విద్యార్థులు పాఠాలు వల్లెవేస్తుంటే ఆయన బల్ల రంగు మరకలతో నిండి ఉండేది. 1878లో లైప్‌జిగ్‌లో సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసం కూడా రంగుల అద్దకం గురించే.

ఒక రంగు ఒక కణానికే ఎందుకు అంటుకుంటుంది, పక్క కణాన్ని ఎందుకు వదిలేస్తుంది అన్నదే ఆయన జీవితమంతా అడిగిన ప్రశ్న. తరువాతి కాలంలో రంగు స్థానంలోకి విషం వచ్చింది, ఆపైన మందు వచ్చింది. ప్రశ్న మారలేదు.

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ప్రొఫెసర్ ఫ్రేరిక్స్ ఆయనకు రోగుల బాధ్యత తగ్గించి పరిశోధనకు తీరిక ఇచ్చారు. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, వేడితో ఆరబెట్టి, రంగులద్ది, తెల్ల రక్తకణాలలో రకాలను ఎర్లిక్ వేరుపరిచారు. నేడు ఏ పట్టణంలోని ప్రయోగశాలలో రక్తపరీక్ష చేయించినా నివేదికలో కనిపించే న్యూట్రోఫిల్, ఇసినోఫిల్, బేసోఫిల్ అనే వరుస 1879 ప్రాంతంలో ఆయన చేసిన విభజన నుంచి వచ్చినదే. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని ప్రకటించిన వెంటనే దానికి మెరుగైన అద్దకాన్ని కనుగొన్నారు. ఆ క్షయే కొన్నేళ్లకు ఆయననూ పట్టుకుంది. 1888లో భార్య హెడ్విగ్‌తో కలిసి ఈజిప్టు వెళ్లి, ఎండలో కోలుకుని మరుసటి ఏడాది తిరిగి వచ్చేసరికి బెర్లిన్‌లో ఉద్యోగం లేదు. మతం మారని యూదునికి ఆనాటి ప్రష్యా విశ్వవిద్యాలయాలలో పూర్తిస్థాయి ఆచార్య పదవి దక్కడం దుర్లభం. ఆయన ఒక చిన్న ఇంటిలో సొంత ఖర్చుతో ప్రయోగశాల పెట్టుకున్నారు.

ఆ కాలంలోనే, 1890 డిసెంబరులో, ఎమిల్ బేరింగ్, జపాన్ శాస్త్రవేత్త కితసాతో కలిసి ఒక సంచలన ఫలితాన్ని ప్రకటించారు. ధనుర్వాతపు విషానికి అలవాటుపడిన కుందేలు రక్తరసిని మరో జంతువుకు ఎక్కిస్తే, ఆ రెండవ జంతువు కూడా విషాన్ని తట్టుకుంటుంది. రక్తరసి అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే పసుపుపచ్చని ద్రవం, సీరం. అందులో విషాన్ని విరిచే పదార్థం ఏదో ఉంది. దానికే ప్రతివిషం అని పేరు. అయితే ఎంత ఉంది? బేరింగ్ దగ్గర దానికి నమ్మదగిన జవాబు లేదు.

ఎర్లిక్ ఇక్కడ చేసిన ఎంపిక ఆయన తెలివికి నిదర్శనం. బాక్టీరియా విషాలు ఆనాడు శుద్ధిగా దొరికేవి కావు, నిలవ ఉంచితే శక్తి మారిపోయేది. ఎలుకకు ఎంత ఇచ్చామో తెలియనప్పుడు, అది ఎంత తట్టుకుందో తెలియదు. అందుకని బాక్టీరియా విషంలాగే పనిచేసే మొక్కల విషాలు రెంటిని తీసుకున్నారు. ఒకటి ఆముదపు గింజలోని రిసిన్, రెండవది గురివింద గింజలోని ఏబ్రిన్. మన పొలం గట్టున, మన అడవి అంచున పెరిగే ఈ రెండింటినీ నిర్ణీత మోతాదులో తూచి ఇవ్వవచ్చు. ఆముదం నూనెలోకి రిసిన్ దిగదనీ, పిండిన చెక్కలోనే ఉండిపోతుందనీ ఇక్కడ చెప్పుకోవాలి. లేకుంటే మన అమ్మమ్మల వైద్యం ఎన్నడో ఆగిపోయేది.

చిట్టెలుకలకు రిసిన్‌ను బిస్కెట్టులో కలిపి అతి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచారు. తొలి రోజులలో మార్పేమీ కనబడలేదు. ఆరో రోజున తట్టుకునే శక్తి ఒక్కసారిగా ఎగబాకింది. కొన్ని వారాలకు ఆ ఎలుకలు మామూలు ఎలుకను చంపే మోతాదుకు వందల రెట్లు ఇచ్చినా బతికాయి. వాటి రక్తరసిని వేరే ఎలుకకు ఎక్కిస్తే ఆ రక్షణ దానికీ వచ్చింది. అయితే రిసిన్‌కు అలవాటుపడిన ఎలుకకు గురివింద విషమిస్తే మామూలు ఎలుకలాగే చచ్చింది. గురివిందకు అలవాటుపడినది ఆముదపు విషానికి లొంగింది. ఏ విషానికి ఆ ప్రతివిషమే. ఎలుక ఒంటి దారుఢ్యం ఇందులో లెక్కకు రాలేదు. 1891లో ప్రచురించిన ఈ ఫలితాలతోనే, ఒక జంతువు ఫలానా విషానికి లొంగుతుందా లేదా అన్నది దాని రక్తరసిలో ఉన్న ఫలానా పదార్థపు పరిమాణాన్ని బట్టి ఉంటుందన్న ఆలోచనకు అంకెల ఆధారం దొరికింది.

మరుసటి ఏడాది ఆయన ఈ శక్తి పిల్లలకు ఎలా చేరుతుందో పరిశీలించారు. విషానికి అలవాటుపడిన మగ ఎలుకకు, మామూలు ఆడ ఎలుకకు పుట్టిన పిల్లలకు రక్షణ లేదు. తల్లికి రక్షణ ఉంటే పిల్లలకు వచ్చింది, కాని కొద్దికాలానికి తగ్గిపోయింది. అప్పుడాయన పిల్లలను తల్లుల మధ్య మార్చారు. రక్షణ లేని తల్లి కన్న పిల్లలు రక్షణ గల తల్లి పాలు తాగి విషాన్ని తట్టుకున్నాయి. ఇది వంశపారంపర్యం కాదు, పాల ద్వారా వచ్చిన అరువు. దూడ పుట్టిన తొలి గంటలలోనే ముర్రుపాలు పట్టించాలని పశువైద్యులు నేడు పట్టుబట్టడానికి కారణమూ ఇదే. ఆవు, మేక, గొర్రెలలో తల్లి ప్రతిరక్షకాలు గర్భంలో ఉండగా పిల్లకు చేరవు, ముర్రుపాలతోనే చేరతాయి. ముర్రుపాలు పిండేసుకుంటే దూడకు నష్టమని మన పెద్దలకు తెలుసు. ఆ నష్టం ఏమిటో తూచి చూపినవారు ఎర్లిక్.

అంతలో కోచ్ ఆయనను తన సంస్థలోకి పిలిచారు. బేరింగ్ అక్కడే కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, ప్రతివిషంతో కుస్తీ పడుతున్నారు. గొంతులో పొర కట్టి ఊపిరాడక చనిపోయే ఆ వ్యాధికి ఐరోపాలో ఏటా వేలమంది పసివారు బలయ్యేవారు. రక్తరసి ఒకసారి అద్భుతంగా పనిచేసేది, మరోసారి బొత్తిగా పనిచేసేది కాదు. కారణం ఒక్కటే, సీసాలో ప్రతివిషం ఎంత ఉందో ఎవరికీ తెలియదు. రిసిన్ ఎలుకల దగ్గర నేర్చిన పద్ధతితో ఎర్లిక్ జంతువులలో ప్రతివిషాన్ని క్రమంగా పెంచి, ప్రతి దశలో రక్తం తీసి కొలిచారు. 1894లో కోసెల్, వాసర్‌మాన్‌లతో కలిసి బెర్లిన్ ఆసుపత్రులలో 220 మంది పిల్లలకు ఆ రక్తరసితో చేసిన చికిత్స వివరాలు ప్రచురించారు. జబ్బు మొదలైన తొలి రెండు రోజులలో మందు అందినవారిలో దాదాపు అందరూ బతికారు. అదే ఏడాది హోహ్‌స్ట్ కంపెనీ రక్తరసిని అమ్మకానికి తెచ్చింది. లాభాల పంపకంలో బేరింగ్‌కూ ఎర్లిక్‌కూ మధ్య వచ్చిన మనస్పర్థ చివరివరకూ పూర్తిగా మానలేదు. మొదటి నోబెల్ వైద్య బహుమతి 1901లో బేరింగ్‌కు ఒక్కరికే దక్కింది.

ఆ పేరు రాకపోయినా, కొలత మాత్రం ఎర్లిక్‌దే. 1896లో బెర్లిన్ శివారు ష్టెగ్లిట్స్‌లో రక్తరసి పరీక్షా సంస్థకు ఆయన సంచాలకులయ్యారు. భవనం చిన్నది, సౌకర్యాలు తక్కువ. మరుసటి సంవత్సరం వెలువరించిన పరిశోధన పత్రంలో అప్పటివరకూ ఉన్న పద్ధతిని తలకిందులు చేశారు. అంతకు ముందు విషాన్ని ప్రమాణంగా ఉంచి రక్తరసిని కొలిచేవారు. విషమేమో నిలవలో మారిపోయేది. చంపే శక్తి తగ్గినా, ప్రతివిషంతో కలిసే శక్తి తగ్గేది కాదు. అలా మారిన విషానికి ఎర్లిక్ టాక్సాయిడ్ అని పేరు పెట్టారు. ఇక ప్రమాణంగా విషాన్ని కాక, ఎండబెట్టి, గాలి తీసివేసిన గాజు గొట్టంలో చీకటిలో భద్రపరచిన రక్తరసి పొడిని నిలబెట్టారు. దానితో కలిపిన విషం 250 గ్రాముల గినీపందిని నాలుగు రోజులలో చంపేందుకు ఎంత కావాలో చూసి, కొత్త రక్తరసి బలాన్ని లెక్కించేవారు.

ఆ 250 గ్రాముల నియమంలో ఒక అంగీకారం ఉంది. ఏ రెండు జంతువులూ ఒకేలా ఉండవు. బరువు, వయసు, మేత, లోగడ తగిలిన జబ్బు అన్నీ ఫలితాన్ని మారుస్తాయి. తేడాను తొలగించలేనప్పుడు ఒకే బరువు జంతువులను తీసుకుని తేడాను అదుపు చేయడమే మార్గం. ఇందుకోసం చచ్చిన గినీపందుల సంఖ్య చిన్నదేమీ కాదు. పిల్లల ప్రాణం కాపాడిన ఈ కొలత జంతువుల చావును గడియారంగా వాడుకుందన్న మాట దాచరానిది.

చావు లేకుండా కొలిచే దారిని కూడా ఆయనే చూపారు. రిసిన్ పరీక్షనాళికలో ఎర్ర రక్తకణాలను ముద్దగా అతికిస్తుంది. ప్రతివిషం కలిపితే ఆ అతుకుడు ఆగుతుంది. నాళికలో అతుకుడును సరిగ్గా ఆపిన మిశ్రమం ఎలుకను కూడా కాపాడుతుందని 1897లో ఆయన చూపారు. అంటే ఎలుక ఒంటిలో జరిగేదాన్ని కొన్ని చుక్కల రక్తం ముందుగానే చెప్పగలదు. మరుసటి ఏడాది ధనుర్వాతపు బాక్టీరియా విడిచే విషంలో, కండరాలను బిగపట్టే అంశం కాక, ఎర్ర రక్తకణాలను కరిగించే మరో అంశాన్ని కనుగొని టెటనోలైసిన్ అన్నారు. ఈసారి చేతికి దొరికింది నిజమైన బాక్టీరియా విషం. దానిని నాళికలో, రక్తం మీదనే పరీక్షించవచ్చు. డెన్మార్క్ నుంచి వచ్చిన థోర్వాల్డ్ మాడ్సెన్ అనే యువకుడు దాని లెక్కలు తేల్చే పనిలో దిగాడు.

1899లో సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. అక్కడ మోర్గెన్‌రోత్‌తో కలిసి ఎర్లిక్ మేకల మీద చేసిన ప్రయోగం ఆయన కృషిలో అన్నిటికన్నా చిత్రమైనదని ఈ రచయిత భావన. ఒక మేక రక్తాన్ని మరో మేకకు ఎక్కిస్తే, రెండవ మేక రక్తరసికి మేకల ఎర్ర రక్తకణాలను కరిగించే శక్తి వచ్చింది. అయితే అన్ని మేకలవి కరగలేదు. కొన్ని మేకల రక్తం తేలికగా కరిగింది, కొన్నింటిది చెక్కుచెదరలేదు. వేరే మేకలో తయారైన రక్తరసి వేరే జాబితాను కరిగించింది. ఏ మేకా తన సొంత రక్తాన్ని మాత్రం కరిగించుకోలేదు. కాపరికి ఒకేలా కనిపించే మందలో ఒక్కొక్క మేక రక్తం ఒక్కొక్క తీరని నాళిక చెప్పింది.

రక్తం చెప్పలేనివి కూడా ఉన్నాయి. కోడి ధనుర్వాతపు విషాన్ని బాగా తట్టుకుంటుంది, కాని దాని రక్తరసిలో ప్రతివిషం ఉండదు. తాబేలు రక్తంలో ఆ విషం చాలాకాలం తిరుగాడినా దానికేమీ కాదు. మరోవైపు, ప్రతివిషం పుష్కలంగా ఉన్న గుర్రాలు సైతం ఒక్కొక్కప్పుడు కొద్దిపాటి విషానికే కూలడం బేరింగ్ గమనించారు. ఎర్లిక్ వివరణ ఆయన పార్శ్వశృంఖల సిద్ధాంతంలో ఉంది. కణం మీద విషాన్ని పట్టుకునే కొక్కేలుంటాయి. అవి లేకుంటే విషం కణానికి తగలదు, జంతువుకు ముప్పు లేదు. ఉంటే ముప్పు ఉంటుంది. అవే కొక్కేలు ఎక్కువగా తయారై, ఊడి రక్తంలోకి చేరితే ప్రతివిషమవుతాయి. కాబట్టి రక్తరసిని మాత్రమే చూస్తే సగం కథే తెలుస్తుంది, మిగతా సగం కణంలో ఉంటుంది. తగాదా అంతా ఈ సిద్ధాంతపు వివరాల మీదే సాగింది. బెల్జియంలో బోర్డే, స్వీడన్‌లో అరీనియస్ తీవ్రంగా విభేదించారు. ఎర్లిక్ వద్ద పనిచేసిన మాడ్సెన్ కూడా అరీనియస్ పక్షాన చేరారు. ప్రతి ఆక్షేపణకూ కొత్త పేరుతో కొత్త అంశాన్ని జోడించే అలవాటు ఎర్లిక్‌ను ఇబ్బందులలో పడేసింది. ఆ పేర్లలో అనేకం నేడు పుస్తకాలలో లేవు. కొక్కెం ఆలోచన నిలిచింది, దాని పేరు ఇప్పుడు గ్రాహకం. 1908లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకున్నది, రక్షణంతా కణాలదేనని వాదించిన మెచ్‌నికోవ్‌తో.

తరువాతి కథ లోకానికి తెలిసినదే. 1909లో జపాన్ సహచరుడు హాతా పరీక్షలలో 606వ సంఖ్య గల ఆర్సెనిక్ సమ్మేళనం సిఫిలిస్‌ను లొంగదీసింది. 1910లో సల్వర్సాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. కీర్తి, నిందలు రెండూ వెంటబడ్డాయి. ఎప్పుడూ చుట్ట తాగుతూ, చుట్టల పెట్టె చంకన పెట్టుకుని తిరిగే ఆ బక్కపలచని మనిషి ఆరోగ్యం ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. 1914లో యుద్ధం మొదలయ్యాక జర్మనీని సమర్థిస్తూ 93 మంది మేధావులు వెలువరించిన ప్రకటన మీద ఆయన కూడా సంతకం చేశారు. విదేశీ మిత్రులు ఎందరినో బాధించిన సంతకమది. ఆయన జీవితం రాసేవారు దానిని దాటవేయడం తగదు. 1915 ఆగస్టు 20న బాడ్ హోంబుర్గ్‌లో మరణించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూదుల శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

టాక్సాయిడ్‌ను 1920లలో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ రామోన్ అనే పశువైద్యుడు ఫార్మాలిన్, వేడిమి సాయంతో కావాలని తయారుచేసి టీకాగా మలిచారు. చిటుక రోగానికి గొర్రెలకు, మేకలకు వానకాలానికి ముందు వేసే టీకా ఆ కోవకు చెందినదే. దాని నాణ్యతను చూసే సంప్రదాయ పద్ధతిలో, టీకా వేసిన కుందేళ్ల రక్తరసిని తీసి, అందులోని ప్రతివిషాన్ని ప్రమాణ రక్తరసితో పోల్చి, యూనిట్లలో లెక్కిస్తారు. ఈ పోలికకు ఎలుకలకు బదులు పెంపకపు కణాలను, ఎలైసా పరీక్షను వాడే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఒక మంద నుంచి రక్త నమూనాలు తీసి, ఏ జీవానికి రక్షణ చాలినంత ఉంది, దేనికి మళ్లీ టీకా వేయాలి అని చూడటం నేడు సాధ్యమే. దానికి నమూనాను చల్లగా ప్రయోగశాల దాకా చేర్చే దారి ఉండాలి. దోర్నపాల్ నుంచి జగర్గుండాకు రోడ్డు పడటమే ఏళ్ల తరబడి వార్త అయిన చోట అది చిన్న షరతు కాదు.

యుద్ధం తరువాత వివిధ దేశాలు ఎవరి కొలతలు వారు వాడుతుండగా, 1922లో నానాజాతి సమితి కంఠసర్పి ప్రతివిషానికి అంతర్జాతీయ ప్రమాణాన్ని నిర్ణయించింది. ఆ యూనిట్‌ను ఎర్లిక్ యూనిట్‌కు సమానంగానే ఉంచారు. ప్రమాణ రక్తరసిని భద్రపరిచే బాధ్యత కోపెన్‌హాగెన్‌లోని ప్రభుత్వ సీరం సంస్థకు అప్పగించారు. అప్పటికి దాని సంచాలకుడు థోర్వాల్డ్ మాడ్సెన్.